పరుపు కొనే ముందు పావుగంట పడుకోండి

పొద్దున నిద్ర లేవగానే మీ చేయి ముందు ఎక్కడికి పోతుంది? ఫోన్ మీదికా, నడుం మీదికా?

నడుం మీదికే పోతుంటే ఈ అధ్యాయం మీకోసమే. మార్కాపురంలో పలక రాయి పని చేసేవాళ్లు రోజంతా వంగే ఉంటారు. ఎర్రగొండపాలెం వైపు మిరపకోతకు పోయే ఆడవాళ్లు పొద్దున వంచిన నడుం మధ్యాహ్నం అన్నాలప్పుడే ఎత్తుతారు. గిద్దలూరు నుంచి నల్లమల ఘాట్ మీదుగా నంద్యాలకు బస్సు తోలే డ్రైవరుకు ప్రతి మలుపూ వీపులోనే తెలుస్తుంది. ఇంత అలసిన ఒంటికి రాత్రి ఆరేడు గంటలు ఆసరా పరుపే. మరి దాన్ని ఎట్లా కొంటాం? షాపులో నిలబడి, అరచేత్తో రెండుసార్లు నొక్కి, "మెత్తగానే ఉందిలే" అని డబ్బు కట్టేస్తాం. చెప్పులు కొనేటప్పుడు కూడా నాలుగడుగులు నడిచి చూస్తాం కదా, పదేళ్లు పడుకునే పరుపు మీద నాలుగు నిమిషాలైనా ఎందుకు పడుకోం?

ఈమధ్య మన ఊళ్ల షాపుల్లోనూ 'నేచురల్ లేటెక్స్' అన్న మాట గట్టిగానే వినబడుతోంది. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసే పిల్లలు "నాన్నా, ఆ పాత పరుపు తీసేయ్, లేటెక్స్‌ది పంపిస్తున్నా" అంటున్నారు. సారె సామానులోనూ అడుగుతున్నారు. మంచిదే. కానీ అసలైన లేటెక్స్ పరుపు ఖరీదు మామూలు ఫోమ్ పరుపుకు రెండు మూడు రెట్లు ఉంటుంది. తప్పుడు పరుపు తెచ్చుకుంటే డబ్బూ పోతుంది, నిద్రా పోతుంది.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. పరుపును చేత్తో కాదు, వీపుతో ఎంచండి. లోపల ఏముందో కళ్లతో చూడండి. చూసిందాన్ని బిల్లు మీద రాయించండి. ఈ మూడు పనులూ ఎట్లా చేయాలో ఇక వివరంగా చూద్దాం.

ముందు తేల్చుకోండి: మీకు లేటెక్సే కావాలా?

1. ఇప్పుడున్న పరుపుతో మీ ఇబ్బంది ఏమిటో ఒక కాగితం మీద రాయండి. నడుం దగ్గర గుంత పడిందా? పక్కవాళ్లు కదిలితే మెలకువ వస్తోందా? పక్కకు తిరిగి పడుకుంటే భుజం తిమ్మిరెక్కుతోందా? ఇలాంటి వాటికి లేటెక్స్ బాగా పనికొస్తుంది. నొక్కిన చోట మాత్రమే అణిగి, బరువు తీయగానే లేచి వస్తుంది. గుంత త్వరగా పడదు. ఇబ్బంది గది వేడి అయితే మాత్రం పరుపు మార్చి లాభం లేదు. లేటెక్స్ కూడా రబ్బరే. మే నెలలో మార్కాపురం మిద్దె గదిలో ఏ పరుపూ చల్లగా ఉండదు. లోపలి రంధ్రాల వల్ల గాలి ఆడుతుంది, అంతే. "పడుకుంటే ఏసీ వేసినట్టు ఉంటుంది" అని చెప్పే మాటకు డబ్బు కట్టకండి.

2. పరుపు వైద్యుడు కాదు. మన పశ్చిమ ప్రకాశంలో చాలా ఊళ్ల బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపే ఉండాలని, వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల దాకా సహించవచ్చని మన దేశ ప్రమాణం చెబుతుంది. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్ను, మెడ, కీళ్లు బిగుసుకుపోతాయి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఇలా ఉంటే ముందు నీటిని పరీక్ష చేయించండి, డాక్టరును కలవండి. కాలిలోకి దిగే నొప్పి, తిమ్మిరి, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉన్నా అంతే. పరుపు షాపుకు ఆ తర్వాత వెళ్లొచ్చు.

3. రబ్బరు పడనివాళ్లు ఆగండి. బెలూన్ ఊదితే పెదాలు దురద పెట్టేవాళ్లు, రబ్బరు గ్లౌజు వేసుకుంటే చేతులు దద్దుర్లెక్కేవాళ్లు ఉంటారు. నర్సుల్లో, ఎక్కువ ఆపరేషన్లు అయినవాళ్లలో ఈ అలర్జీ ఎక్కువ. తయారీలో బాగా కడిగిన లేటెక్స్ మీద, గుడ్డ కవరు మీద పడుకుంటే ముప్పు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. ఇలాంటివాళ్లు డాక్టరు మాట లేకుండా కొనొద్దు.

4. డబ్బు చాలకపోతే సర్దుకుని చౌకరకం 'లేటెక్స్' కొనకండి. అదే డబ్బుకు మంచి కొబ్బరి పీచు పరుపో, బాగా ఏకించిన దూది పరుపో వస్తుంది. దూది పరుపు మీద హాయిగా నిద్రపట్టే పెద్దవాళ్లకు కొత్తది అంటగట్టాల్సిన పని కూడా లేదు.

లోపల ఏముందో తెలుసుకోండి

రబ్బరు చెట్టుకు గాటు పెడితే కారే పాలే లేటెక్స్. మన దేశంలో రబ్బరుకు పెద్దిల్లు కేరళ. మన రాష్ట్రంలో మారేడుమిల్లి, రంపచోడవరం ఏజెన్సీలోనూ రబ్బరు తోటలు ఉన్నాయి. ఆ పాలను చిక్కబరిచి, నురగలా చిలికి, సన్నని కడ్డీలున్న అచ్చులో పోసి వేడితో గట్టిపరుస్తారు. ఆ కడ్డీలు ఉన్నచోటే పరుపంతా రంధ్రాలు మిగులుతాయి. డన్‌లప్ కంపెనీ 1929లో ఇంగ్లండులో తెచ్చిన పద్ధతి ఇదే. మన దగ్గర దొరికే లేటెక్స్ పరుపుల్లో ఎక్కువ భాగం ఈ రకమే. అచ్చులో గాలి తీసేసి, గడ్డకట్టించి, ఆ తర్వాత వేడిచేసే టాలలే అనే పద్ధతి ఇంకొకటి ఉంది. అది ఇంకాస్త మెత్తన, ఇంకాస్త ఖరీదు.

షాపులో 'లేటెక్స్' పేరుతో నాలుగు రకాలు కనబడతాయి:

మొదటిది, పైనుంచి కిందిదాకా సహజ లేటెక్సే ఉన్నది. '100 శాతం' అన్నా గట్టిపడటానికి వేసే గంధకం, జింక్ ఆక్సైడ్ లాంటివి కొద్దిగా ఉంటాయి. అందులో తప్పు లేదు. సింథటిక్ రబ్బరు కలపలేదన్నదే ఆ మాటకు అర్థం.

రెండోది, సహజ లేటెక్స్‌లో సింథటిక్ రబ్బరు కలిపినది. ఆ సింథటిక్ రబ్బరు పెట్రోలియం నుంచి వచ్చేది. ఈ పరుపు ధర తక్కువ ఉండాలి.

మూడోది, పైన అంగుళమో రెండంగుళాలో లేటెక్స్, కింద ముక్కలు అతికించి చేసిన రీబాండెడ్ ఫోమో, పీచో ఉన్నది. షాపువాడు ఆ మాట చెప్పి, ఆ ధరకే అమ్మితే ఇదీ మంచి పరుపే. చెప్పకుండా అమ్మితేనే మోసం.

నాలుగోది, 'లేటెక్స్ ఫీల్', 'లేటెక్స్ లైక్' అని పేరు పెట్టిన మామూలు ఫోమ్. ఇందులో లేటెక్స్ చుక్క కూడా ఉండదు.

మరి తేడా ఎట్లా పట్టుకోవాలి?

5. జిప్పు తీయించండి. సంభాషణ ఎట్లా సాగుతుందో ఊహించుకోండి.

"అన్నా, ఇది ఫుల్ లేటెక్సేనా?"
"ఫుల్లే సార్, గ్యారంటీ."
"అయితే ఒకసారి జిప్పు తీసి చూపించన్నా."
"జిప్పు తీస్తే వారంటీ పోద్ది సార్."
"సరే, అడ్డంగా కోసిన శాంపిల్ ముక్క ఉంటే చూపించు. అదీ లేకపోతే ఎన్ని అంగుళాల లేటెక్సో బిల్లు మీద రాసిస్తావా?"

ఈ మూడింటిలో ఒక్కటీ కుదరదంటే నవ్వుతూ దండం పెట్టి బయటికి రండి. జిప్పు తీస్తే లోపల పాలమీగడ రంగు, వరుసగా రంధ్రాలు కనబడాలి. రంగురంగుల ముక్కలు అతికించినట్టు ఉంటే అది రీబాండెడ్.

6. బరువు అడగండి. ఇల్లు కట్టించినవాళ్లకు ఘనపుటడుగుల లెక్క కొత్త కాదు. సహజ లేటెక్స్ ఘనపుటడుగుకు సుమారు 2 కిలోలు, గట్టిరకమైతే రెండున్నర దాకా తూగుతుంది. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఆరంగుళాల మందం ఉన్న పరుపు 9 ఘనపుటడుగులు. అంటే 18 నుంచి 22 కిలోలు. ఆరడుగులకు ఆరడుగుల పెద్ద పరుపైతే 36 కిలోలకు తగ్గదు. మామూలు ఫోమ్ అందులో సగం కూడా తూగదు. పెద్ద పరుపును కుర్రాడొక్కడే చంకలో పెట్టుకుని తెస్తే అనుమానించాల్సిందే. అయితే రీబాండెడ్ ఫోమ్ కూడా ఇంతే బరువు ఉంటుంది, అందుకే బరువును చూసి వదిలేయక లోపల కూడా చూడాలి.

7. వేలితో రుద్దండి. మంచి లేటెక్స్ రుద్దితే పొడి రాలదు. బరువు కోసం సుద్దలాంటి పొడి ఎక్కువ కలిపినదైతే వేలికి తెల్లగా అంటుతుంది. గట్టిగా నొక్కి వదిలితే వెంటనే లేవాలి. వాసన తేలికపాటి రబ్బరు వాసనే ఉండాలి. ఆ వాసన గాలి తగిలే గదిలో కొన్నాళ్లకు పోతుంది. ముక్కు మండే ఘాటు వాసన వస్తే వద్దనండి.

8. ముద్రలను చదవడం నేర్చుకోండి. 'గోల్స్' ముద్ర ఉంటే అందులోని రబ్బరు పాలు సేంద్రియ తోటల నుంచి వచ్చినవని, కనీసం 95 శాతం అలాంటిదేనని అర్థం. 'ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100' ముద్రకు అర్థం వేరు. హానికర రసాయనాలు హద్దు దాటలేదని మాత్రమే అది చెబుతుంది. లేటెక్స్ సహజమైనదా కాదా అన్నదానితో దానికి సంబంధం లేదు. ఏ ముద్ర ఉన్నా సర్టిఫికెట్ నంబరు అడగండి, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. ఇంట్లో చదువుకున్న పిల్లలు ఉంటే ఇది అయిదు నిమిషాల పని.

మీ ఒంటికి ఎంత గట్టిది సరిపోతుంది?

"నడుం నొప్పా? నేల మీద పడుకో, అదే పోతుంది." ఈ సలహా వినని ఇల్లు ఉండదు. కానీ 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో స్పెయిన్ పరిశోధకులు ప్రచురించిన ఫలితం చూడండి. చాలాకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందికి కొందరికి బాగా గట్టి పరుపులు, కొందరికి మధ్యస్థంగా గట్టి పరుపులు ఇచ్చారు. మూడు నెలల తర్వాత మధ్యస్థ రకం మీద పడుకున్నవాళ్లకే నొప్పి ఎక్కువగా తగ్గింది. కాబట్టి మీ వెతుకులాటను మధ్యస్థం నుంచి మొదలుపెట్టండి. అక్కడి నుంచి ఇలా సర్దుకోండి:

9. బరువును బట్టి. 50 కిలోల లోపు వాళ్లు బాగా గట్టి పరుపు మీద పడుకుంటే అది అణగదు, బల్ల మీద పడుకున్నట్టే ఉంటుంది. వాళ్లకు కొంచెం మెత్తనిది కావాలి. 80 కిలోలు దాటినవాళ్లకు గట్టిరకం, మందం కూడా ఆరంగుళాలకు తగ్గకుండా ఉంటే మంచిది.

10. పడుకునే తీరును బట్టి. పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు భుజం, తుంటి దిగేంత మెత్తదనం ఉండాలి. వెల్లకిలా పడుకునేవాళ్లకు మధ్యస్థం చాలు. బోర్లా పడుకునే అలవాటు ఉంటే గట్టిదే తీసుకోండి, లేకపోతే పొట్ట దగ్గర కుంగి నడుం విల్లులా వంగుతుంది.

11. ఇద్దరి కోసం కొంటుంటే ఇద్దరూ వెళ్లండి. ఆయన 85 కిలోలు, ఆమె 48 కిలోలు అనుకోండి. ఒకే పరుపు ఇద్దరికీ నప్పకపోవచ్చు. అలాంటప్పుడు మూడేసి అడుగుల రెండు పరుపులు, ఒకటి గట్టిది, ఒకటి మెత్తది కొని పక్కపక్కన వేసి ఒకే దుప్పటి పరవండి. మోయడానికీ తేలిక. సారెకు కొనేవాళ్లు కూడా పెళ్లికూతురిని, కుదిరితే అల్లుడిని అడిగి కొనండి. మేనమామ అరచేతి కొలత కొత్తజంట నడుముకు సరిపోదు.

12. పసిపిల్లలకు మెత్తని పరుపు వద్దు. ఏడాది లోపు బిడ్డను గట్టిగా, చదునుగా ఉన్న పక్క మీదే వెల్లకిలా పడుకోబెట్టాలి. "పాపకు మెత్తగా ఉండాలి" అన్న ప్రేమ ఇక్కడ ప్రమాదం.

టేపు తీయండి

13. మంచాన్ని లోపలి వైపు కొలవండి. కంపెనీ పరుపులు 72, 75, 78 అంగుళాల పొడవుల్లో, 36, 48, 60, 72 అంగుళాల వెడల్పుల్లో వస్తాయి. మన ఇళ్లలో టేకుతోనో వేపచెక్కతోనో వడ్రంగి చేసిన మంచాలే ఎక్కువ. వాటికి ఈ లెక్కలు తెలియవు. పట్టెల మధ్య పొడవు రెండుచోట్ల, వెడల్పు రెండుచోట్ల కొలిచి, చిన్నది ఏది వస్తే అది రాసుకోండి. "సుమారు ఆరడుగులు" అని చెప్పి కొంటే పరుపు ఒకవైపు పట్టె మీదికి ఎక్కి కూర్చుంటుంది. కొలత తేడాగా ఉంటే ఆర్డరు మీద కోసి ఇచ్చేవాళ్లు ఉంటారు. కానీ కోసిన పరుపును సాధారణంగా వెనక్కి తీసుకోరు, గుర్తుంచుకోండి.

14. ఎత్తు కూడా కొలవండి. మంచం ఎత్తుకు పరుపు మందం కలపండి. మొత్తం 20 అంగుళాల దగ్గర ఉంటే పెద్దవాళ్లు అంచున కూర్చున్నప్పుడు పాదాలు నేలకు ఆనుతాయి. 18 అంగుళాల మంచం మీద 8 అంగుళాల పరుపు వేస్తే మోకాళ్ల నొప్పుల అవ్వ రాత్రి దిగడానికి ముక్కాలిపీట వెతుక్కోవాలి.

15. మంచం అడుగుభాగం చూడండి. నవారు మంచం, నులక మంచం మీద లేటెక్స్ వేయొద్దు. మంచం కుంగితే పరుపూ కుంగుతుంది, వారంటీ కూడా చెల్లదు. చెక్క బద్దలు ఉంటే వాటి మధ్య ఖాళీ మూడంగుళాలు దాటకూడదు. నిండు ప్లైవుడ్ ఉంటే గాలి ఆడేలా అక్కడక్కడా రంధ్రాలు వేయించండి. ముఖ్యంగా కూలర్ వాడే గదుల్లో చెమ్మ అడుగున చేరుతుంది.

షాపులో పావుగంట

16. పొద్దుటి పూట, ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లండి. మార్కాపురం, గిద్దలూరు షాపుల్లో లేటెక్స్ రకాలు తక్కువ కనబడితే ఒంగోలు, నంద్యాల, గుంటూరు వెళ్లే పని పడ్డ రోజున చూసి రండి. చూడటానికి, కొనడానికి ఒకే రోజు అక్కర్లేదు.

17. మీరు ఇంట్లో వాడే దిండు వెంట తీసుకుపోండి. నవ్వుతారనుకుంటున్నారా? నవ్వనివ్వండి. దిండు ఎత్తు మారితే మెడ వంపు మారుతుంది, పరుపు సంగతి తేలదు.

18. చెప్పులు విడిచి పూర్తిగా పడుకోండి. అంచున కూర్చుని ఊగడం పరీక్ష కాదు. వెల్లకిలా అయిదు నిమిషాలు, పక్కకు తిరిగి అయిదు నిమిషాలు, మీకు అలవాటైన తీరులో మరో అయిదు నిమిషాలు ఉండండి. వెల్లకిలా ఉన్నప్పుడు నడుం కిందికి అరచేయి దూర్చండి. చేయి ధారాళంగా అటూ ఇటూ ఆడితే పరుపు మీకు మరీ గట్టిది. దూరడమే కష్టమైతే మరీ మెత్తది. కొద్దిగా బిగువుగా దూరితే సరైనది. పక్కకు తిరిగినప్పుడు మీ వెన్ను వరసను ఇంట్లోవాళ్లను వెనక నుంచి చూడమనండి. మెడ నుంచి తుంటి దాకా తిన్నగా ఉండాలి.

19. ధర గురించి పడుకుని లేచాకే మాట్లాడండి. ధర ముందు వింటే మన వీపు కూడా చౌకదానివైపే మొగ్గుతుంది.

మనవాళ్లు తరచూ చేసే తప్పులు

20. ఎండలో వేయడం. ఇది అన్నిటికంటే పెద్ద తప్పు, మంచి ఇల్లాలు కూడా మంచి ఉద్దేశంతో చేసే తప్పు. దూది పరుపును ఏటా మిద్దె మీద ఎండేయడం మన అమ్మలు నేర్పిన అలవాటు. దూదికి అది మేలు. లేటెక్స్‌కు నేరుగా తగిలే ఎండ శత్రువు. ఎండకు రబ్బరు పసుపెక్కి, పెళుసై, అంచుల నుంచి పొడిలా రాలిపోతుంది. గాలి పట్టించాలంటే నీడలో నిలబెట్టండి. కిటికీ ఎండ రోజూ పడే చోట మంచం ఉంటే మంచం జరపండి.

21. వేసవిలో మిద్దె ఎక్కించడం. కరెంటు పోయిన రాత్రి ఆరుబయట పడుకోవడానికి నవారు మంచం, చాప, బొంత ఉన్నాయి. లేటెక్స్‌ను మోసుకెళ్లి పొద్దున దింపడం మరిచారో, మధ్యాహ్నానికి దానికి చేటు.

22. నూనె ఒంటితో పడుకోవడం. ఆముదమో కొబ్బరినూనో మర్దన చేసుకుని అలాగే పడుకుంటే, అది గుడ్డలోంచి దిగి రబ్బరును పాడుచేస్తుంది. మర్దన తర్వాత స్నానం చేయండి, కుదరకపోతే మందపాటి పాత దుప్పటి పరుచుకోండి.

23. నీళ్లతో కడగడం. పిల్లలు తడిపితే పొడిగుడ్డతో అద్ది, తడిగుడ్డతో తుడిచి, ఫ్యాను కింద ఆరనివ్వండి. చిన్నపిల్లల ఇంట్లో ఉతికే వీలున్న వాటర్‌ప్రూఫ్ కవరు మొదటిరోజే వేయండి. మిగిలినవాళ్లు నూలు కవరే వాడండి. ప్లాస్టిక్ కవరు వేస్తే లేటెక్స్ గాలి ఆడే గుణం కోసం కట్టిన డబ్బు వృథా.

24. "నల్లులు రావు" అన్న మాట నమ్మడం. రబ్బరులో దుమ్ముపురుగులు పెరగడం తక్కువే. నల్లులు మాత్రం కవరు కుట్లలో, మంచం పగుళ్లలో దాక్కుంటాయి. పాత మంచాన్ని శుభ్రం చేయకుండా కొత్త పరుపు వేయకండి.

25. వంద రాత్రుల ట్రయల్‌ను కళ్లు మూసుకుని నమ్మడం. ఆన్‌లైన్‌లో కొంటే ముందు అడగాల్సింది ఒకటే: "నచ్చకపోతే మా ఊరికి వచ్చి మీ ఖర్చుతో తీసుకుపోతారా?" రాచర్లకో అర్ధవీడుకో డెలివరీ ఇచ్చే కంపెనీ, వెనక్కి తీసుకోవడానికి అదే ఊరికి రాకపోవచ్చు. జవాబు మెయిల్‌లోనో చాట్‌లోనో తీసుకుని స్క్రీన్‌షాట్ దాచుకోండి. చుట్టి పంపిన పరుపును వచ్చిన రోజే విప్పి పరవండి, సజ్జ మీద పెట్టి నెల తర్వాత విప్పకండి.

బిల్లు, వారంటీ

26. "బిల్లెందుకు సార్, జీఎస్టీ లేకుండా తగ్గించి ఇస్తా" అనే మాట వింటారు. ఆ తగ్గింపు తీసుకుంటే ఆ పరుపు మీద మీకు ఏ హక్కునూ రుజువు చేసుకునే కాగితం ఉండదు. బిల్లు మీద నాలుగు సంగతులు రాయించండి: సహజ లేటెక్సా కలిపిందా, మొత్తం మందంలో లేటెక్స్ ఎన్ని అంగుళాలు, పరుపు కొలత, కంపెనీ, మోడల్ పేరు.

27. '15 ఏళ్ల వారంటీ' అంటే 15 ఏళ్లూ ఉచితంగా కొత్తది ఇస్తారని కాదు. చాలా కంపెనీలు మొదటి కొన్నేళ్లే పూర్తిగా మారుస్తాయి, తర్వాత ఏడాదికింత అని మీ వాటా పెంచుతూ పోతాయి. ఎంత లోతు గుంత పడితే ఒప్పుకుంటారు, మరక ఉంటే ఒప్పుకుంటారా, రవాణా ఖర్చు ఎవరిది, ఈ మూడూ చదవండి. కార్డు మీద షాపు ముద్ర, తేదీ వేయించండి.

28. మోసపోతే ఊరుకోకండి. ముందు షాపుకు, కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అప్పటికీ తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం హైదరాబాదులో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా మీరు నివాసముండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. అయిదు లక్షల లోపు వస్తువుకు ఫిర్యాదు రుసుము కూడా లేదు. కావలసిందల్లా ఆ బిల్లే.

ఇంటికి వచ్చాక

29. మొదటి వారం తీర్పు చెప్పకండి. గుంత పడ్డ పరుపుకు అలవాటైన ఒళ్లు కొత్తదాని మీద రెండు మూడు వారాలు మొరాయిస్తుంది. నెల దాటినా పొద్దున లేచేసరికి నొప్పి ఉంటే, పగలు నడుస్తుంటే తగ్గిపోతుంటే, అప్పుడు గట్టిదనం తప్పిందని అనుకోండి. ట్రయల్ గడువు లోపలే చెప్పండి.

30. మూడు నెలలకోసారి తలవైపు కాళ్లవైపుకు తిప్పండి. ఒకే వైపు వాడమని రాసి ఉంటే బోర్లించకండి. తిప్పేటప్పుడు ఇద్దరు పట్టుకుని ఎత్తండి. ఒక మూల పట్టి ఈడిస్తే లేటెక్స్ చిరుగుతుంది. నాపరాయి నేల మీదే పరుపు వేసుకునేవాళ్లు కింద చాప పరిచి, వారానికోసారి నిలబెట్టి గాలి పట్టించండి.

ఇంత చదివాక "ఒక పరుపుకు ఇంత హంగామానా?" అనిపిస్తోందా? మొత్తం కలిపితే ఇంట్లో ఒక సాయంత్రం కొలతలు, షాపులో ఒక గంట. అంతకంటే పట్టదు. ఈ ఆదివారం టేపు తీసి మంచం కొలవండి. ఇంట్లో ఎవరి బరువు ఎంత, ఎవరు ఎటు తిరిగి పడుకుంటారో కాగితం మీద రాయండి. ఆ కాగితం, మీ దిండు పట్టుకుని షాపుకు వెళ్లండి. లోపల చూపించని పరుపు, బిల్లు మీద రాయని మాట ఎంత చౌకగా ఇచ్చినా కొనొద్దు.